గట్లు లేని చేలు

*ఇంగ్లండ్‌లో దాదాపు అంతటా పొలాలకు కంచెలు పడి రెండు శతాబ్దాలు దాటింది. నాటింగమ్‌షైర్‌లోని లాక్స్టన్ అనే చిన్న పల్లె మాత్రం మధ్యయుగాల నాటి ఉమ్మడి సాగును, దాన్ని నడిపే గ్రామ న్యాయస్థానాన్ని నేటికీ వదల్లేదు.*

నవంబరు ముగిసి డిసెంబరు మొదలయ్యే రోజుల్లో ఒక ఉదయం, ఎర్రటి బంకమట్టి బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకునే తేమలో, లాక్స్టన్ రైతులు కొందరు ట్రాక్టరు ట్రైలర్లు ఎక్కి ఆ ఏడు శీతకాలపు గోధుమ చల్లిన పెద్ద చేనికి చేరుకుంటారు. మొలక అప్పటికి నేలను పూర్తిగా కప్పి ఉండదు. వందలాది గజాల మేర గట్టు గాని, కంచె గాని, హద్దురాయి గాని కనిపించని ఆ చేనిలో, ఒకరి భూమి ఎక్కడ ముగిసి మరొకరి భూమి ఎక్కడ మొదలవుతుందో చెప్పేది రెండు దుక్కుల మధ్య మిగిలిన సన్నని చాలు ఒక్కటే. బృందంలోనివారు ఆ చాలు వెంట చూపు సారించి, నాగలి పక్కవాడి భూమిలోకి జరిగిందన్న అనుమానం కలిగినచోట ఆగి, కాసేపు తర్జనభర్జన పడి, తేలిన హద్దు మీద కొయ్యమేకును సమ్మెటతో దిగ్గొడతారు. చేని అంచున ఉమ్మడి బాటను ఎవరు దున్నేశారో, మురుగుకాలువలో ఎవరు పూడిక తీయలేదో కాగితం మీదికి ఎక్కుతుంది. పన్నెండు మంది జ్యూరర్లు ఒక ఫోర్‌మన్ నాయకత్వంలో సాగించే ఈ తనిఖీకి ‘జ్యూరీ డే’ అని పేరు. రైతు కుటుంబాలే కొద్దిగా ఉన్న ఊరు కనుక, తప్పు పట్టేవాడూ తప్పు చేసినవాడూ ఒకే ట్రైలరులో పక్కపక్కన కూర్చుని వచ్చి ఉండటం ఇక్కడ వింతేమీ కాదు.

బ్రిటన్‌లో సాగుభూమి ఎవరి చేతుల్లో ఉండాలి, చిన్న కమతం ఎంతకాలం నిలుస్తుంది అన్న ప్రశ్నలు కొంతకాలంగా మళ్ళీ పత్రికల మొదటి పేజీలకు ఎక్కాయి. వ్యవసాయ ఆస్తులకు వారసత్వ పన్ను నుంచి ఉన్న మినహాయింపును కుదిస్తామని 2024 అక్టోబరు బడ్జెట్‌లో ప్రభుత్వం ప్రకటించగానే రైతులు లండన్ వీధుల్లోకి వచ్చారు. యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలిగిన తరువాత, ఎకరాల లెక్కన అందే పాత సబ్సిడీలు ఇంగ్లండ్‌లో ఏటేటా తగ్గుతూ వచ్చాయి. ఈ వాదోపవాదాల నడుమ లాక్స్టన్ వైపు చూపు మళ్ళడం సహజమే. ఆ దేశంలో పొలం ఒకప్పుడు ఎలా ఉండేదో, ఊరు దాన్ని ఎలా పంచుకునేదో పుస్తకంలో కాక నేల మీద చూడగలిగిన చోటు దాదాపుగా ఇదొక్కటే.

మూడు చేలు, మూడేళ్ళ చక్రం

లాక్స్టన్ పద్ధతిని చరిత్రకారులు ‘ఓపెన్ ఫీల్డ్’ సాగు, అంటే కంచెలు లేని బయలు చేల సాగు అంటారు. ఊరి చుట్టూ ఉన్న సాగునేల వెస్ట్ ఫీల్డ్, సౌత్ ఫీల్డ్, మిల్ ఫీల్డ్ అనే మూడు విశాలమైన చేలుగా ఉంటుంది. ఒక్కో చేను లోపల పొడవాటి పట్టీలుగా విడివడి ఉంటుంది. ప్రతి రైతుకూ మూడు చేలలోనూ, అదీ ఒకేచోట కాక చెదురుమదురుగా, కొన్ని పట్టీలు ఉంటాయి. దీనివల్ల మంచి నేల అంతా ఒకరికీ, నీరు నిలిచే పల్లమంతా మరొకరికీ పోకుండా మంచిచెడ్డలు అందరికీ పంపకమయ్యేవి. ఒకచోట పంట దెబ్బతిన్నా మరోచోట నాలుగు గింజలు దక్కేవి.

ఏ చేనిలో ఏమి వేయాలన్నది పట్టీదారు ఇష్టానికి వదిలిన విషయం కాదు. ఒక చేనిలో శీతకాలపు గోధుమ వేస్తే, రెండో చేనిలో బార్లీ వంటి వసంతకాలపు పంట వేసి, మూడో చేనిని బీడుగా వదలాలి. మరుసటి ఏడు చక్రం ఒక మెట్టు తిరుగుతుంది. పూర్వం ఆ బీడులో ఊరి పశువులూ గొర్రెలూ కలిసి మేసి, నేలకు ఎరువు వేసిపోయేవి. కోత ముగిసిన చేలలో కొయ్యకాళ్ళు మేపుకునే హక్కు కూడా ఉమ్మడిగానే ఉండేది. ఇటువంటి మేతహక్కు ఉన్నచోట ఒకరు ముందు, ఒకరు వెనక విత్తడం, కోయడం కుదరదు. పక్కవాడి కాలంతో తన కాలాన్ని కలుపుకోలేని రైతు ఈ పద్ధతిలో ఒక్క ఏడు కూడా నెగ్గుకురాలేడు.

చేల మధ్య నాగలి దిగని పల్లపు చోట్లు కొన్ని ఉంటాయి. వీటిని ‘సైక్’లు అంటారు. వాననీరు పారే ఈ గడ్డి పట్టీలను దున్నడానికి ఎవరికీ హక్కు లేదు. ఏటా వేసవిలో వాటి మీది గడ్డిని వేలం వేస్తారు. శతాబ్దాల తరబడి నాగలి తగలకపోవడం వల్ల, చుట్టుపక్కల పొలాల్లో ఏనాడో కనుమరుగైన పచ్చికబయళ్ళ పూలమొక్కలు ఈ సైక్‌లలో బతికాయి. అందుకే వీటికి ప్రత్యేక శాస్త్రీయ ప్రాధాన్యం గల ప్రదేశంగా చట్టబద్ధమైన రక్షణ లభించింది. ప్రకృతిని కాపాడదామన్న ఉద్దేశం ఆ కట్టుబాటు పెట్టినవారికి ఉండి ఉండదు. ఎండుగడ్డి కోసం పెట్టిన కట్టుబాటు పూలను కూడా నిలిపింది, అంతే.

> మన పట్టాల్లోని ఎకరం
>
> ఎద్దుల జతలు కట్టిన బరువైన నాగలి ఒక్క ఊపులో దున్నుకుపోగల పొడవును మధ్యయుగాల ఇంగ్లండ్‌లో కొలమానంగా తీసుకున్నారు. అది 220 గజాలుగా స్థిరపడింది, అదే ఫర్లాంగు. 220 గజాల పొడవు, 22 గజాల వెడల్పు ఉన్న పట్టీ ఒక ఎకరం. రెండింటినీ హెచ్చవేస్తే వచ్చే 4,840 చదరపు గజాల లెక్క ఆంగ్లేయుల పాలనతో భారతదేశానికి వచ్చింది. తెలంగాణలో 121 చదరపు గజాల గుంటలు నలభై, ఆంధ్రలో 48.4 చదరపు గజాల సెంట్లు వంద చేరితే అయ్యేది ఈ ఎకరమే. దీని ఆకారానికి మూలమైన పట్టీలు లాక్స్టన్ వంటి చేలలోనివే.

సారాయి అంగడిలో న్యాయస్థానం

జ్యూరీ డే తరువాత వారం రోజులకు ఊరి మధ్య ఉన్న డవ్‌కోట్ ఇన్ అనే పబ్బులో ‘కోర్టు లీట్’ సమావేశమవుతుంది. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఒక ప్రభువు అధికారం కింద ఉన్న గ్రామ భూభాగాన్ని మేనర్ అనేవారు. ఆ మేనర్‌లోని చిన్నచిన్న నేరాలను, చేలకు సంబంధించిన తగవులను తీర్చిన స్థానిక న్యాయస్థానమే కోర్టు లీట్. భూస్వామి తరఫున స్టువార్డ్ అనే అధికారి అధ్యక్షత వహిస్తాడు. జ్యూరీ తాను చేనిలో చూసిన తప్పులను అతని ముందు పెట్టి జరిమానా ప్రతిపాదిస్తుంది. మరుసటి ఏడు పనిచేయవలసిన జ్యూరీతో అక్కడే ప్రమాణం చేయిస్తారు. జరిమానా మొత్తాలు నేటి రోజుల్లో లెక్కలోకి రానంత చిన్నవి. అయినా రైతుకు అసలు శిక్ష డబ్బు చెల్లించడంలో లేదు. తన పేరు, తాను మింగిన రెండడుగుల బాట ఊరందరి ముందు, అదీ ఏటా తాను కూర్చుని తాగే బల్ల దగ్గరే, చదివి వినిపించడంలో ఉంది.

ఇది పర్యాటకుల కోసం ఆడే వేషం అనుకుంటే పొరపాటు. ఇంగ్లండ్‌లో కోర్టు లీట్‌లు మరికొన్ని చోట్ల మిగిలినా, వాటి పని చాలావరకు ఊరేగింపులకూ విందులకూ పరిమితమైంది. 1977 నాటి న్యాయపాలన చట్టం ఇటువంటి ప్రాచీన న్యాయస్థానాల విచారణాధికారాన్ని రద్దు చేసినప్పుడు, లాక్స్టన్ కోర్టుకు ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చింది. అక్కడ తీర్చవలసిన తగవులు నిజంగానే ఉన్నాయన్నది అందుకు కారణం.

ఉమ్మడి వనరును ఎవరికి వారు పిండుకుని పాడుచేస్తారన్న వాదాన్ని 1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రచారంలోకి తెచ్చాడు. వాడుకునేవారే నియమాలు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు నిఘా ఉంచుకుంటే అలా జరగనక్కర్లేదని నిరూపించినందుకు ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. లాక్స్టన్ జ్యూరర్లు ఈ వాదం జోలికి పోకుండానే మేకులు కొట్టుకుంటూ వచ్చారు.

పటంలో ఊరు

లాక్స్టన్ పాత రూపం ఇంత వివరంగా తెలియడానికి ప్రధాన ఆధారం 1635లో మార్క్ పియర్స్ అనే సర్వేయరు గీసిన పటం. ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఈ పటంలో ప్రతి చేనూ, చేనిలోని ప్రతి పట్టీ, వీధి పొడవునా ప్రతి ఇల్లూ కనిపిస్తాయి. దానికి తోడుగా ఎవరి కింద ఎంత భూమి ఉందో నమోదు చేసిన సర్వే పుస్తకం కూడా ఉంది. పియర్స్ కొలతలతో ఊరుకోలేదు. పట్టీల మీద దున్నేవాళ్ళనూ, విత్తేవాళ్ళనూ, కోతకోసేవాళ్ళనూ, పశువులనూ, వేటగాళ్ళనూ చీమలంత బొమ్మలుగా దిద్దాడు. అప్పట్లో చేలు నాలుగు. నాలుగోదైన ఈస్ట్ ఫీల్డ్ తరువాతి కాలంలో కంచెల్లోకి వెళ్ళిపోయింది.

ఈ పటం గీయించిన యజమాని సర్ విలియం కోర్టెన్ పల్లెటూరి ప్రభువు కాడు. లండన్‌లో స్థిరపడిన ఈ సంపన్న వర్తకుడు కరీబియన్‌లోని బార్బడోస్‌లో తొలి ఆంగ్ల వలస వెనక ఉన్న పెట్టుబడిదారు. మచిలీపట్నంలో 1611లోనే కొఠీ తెరిచిన ఈస్టిండియా కంపెనీకి తూర్పు వ్యాపారంపై గుత్తాధిపత్యం ఉండగా, దానికి పోటీగా గోవా, మలబారు తీరాలతోనూ చైనాతోనూ వ్యాపారం చేసుకోవడానికి కోర్టెన్ బృందం లాక్స్టన్ పటం తయారైన ఏడాదే, అంటే 1635లోనే, మొదటి చార్లెస్ రాజు నుంచి అనుమతి సంపాదించింది. వారి ఓడలు మరుసటి ఏడు బయలుదేరి గోవాకూ, కన్నడ తీరంలోని భట్కల్‌కూ చేరుకున్నాయి. ఆ ఓడలు ఏమి తెచ్చాయో చూడకుండానే కోర్టెన్ 1636లో చనిపోయాడు. 1640లో లాక్స్టన్ పియర్‌పాంట్ వంశం చేతికి వచ్చింది. పట్టీ పట్టీకీ లెక్క కట్టించిన పటాన్ని గ్రామీణ జీవితం మీది మమకారంగా చూపడం నేడు పరిపాటి. భూమిని పెట్టుబడిగా చూసిన వ్యాపారి తన ఆస్తికి వేయించిన లెక్కగా కూడా దాన్ని చదవవలసి ఉంటుంది.

మట్టిదిబ్బ, చర్చి, బందెలదొడ్డి

పూరికప్పుల కుటీరాలూ, తేనెరంగు రాతిగోడలూ ఉన్న ఇంగ్లిష్ పల్లెను ఊహించుకుని వచ్చేవారికి లాక్స్టన్ మొదటి చూపులో నిరాశే మిగులుస్తుంది. ఇక్కడివి ఎర్ర ఇటుక ఇళ్ళు, పెంకు కప్పులు. అయితే ఒక విషయం గమనించదగ్గది. కంచెలు పడిన ఊళ్ళలో రైతులు తమ కొత్త పొలాల మధ్యకు ఇళ్ళు మార్చుకుని వెళ్ళిపోగా, ఇక్కడ పొలాలు ఊరి చుట్టూ చెల్లాచెదరుగా ఉండటం వల్ల రైతుల ఇళ్ళూ, కొట్టాలూ, ధాన్యపు కొట్లూ వీధి వెంటే ఉండిపోయాయి. ట్రాక్టర్లు నేటికీ నడివీధిలోని ఇళ్ళ వాకిళ్ళ నుంచే బయలుదేరుతాయి.

ఊరికి ఉత్తరాన నార్మన్ల కాలపు కోట ఆనవాళ్ళు ఉన్నాయి. ఎత్తైన మట్టిదిబ్బ, దాని ముందు కందకాలతో చుట్టిన ఆవరణలు ఉండే ఈ తరహా కోటను ‘మాట్ అండ్ బెయిలీ’ అంటారు. నాటింగమ్‌షైర్‌లో ఈ తరహా కోటల్లో ఇంత చక్కగా రూపు నిలిచినది మరొకటి లేదు. షెర్‌వుడ్ అడవికి వంశపారంపర్యంగా అధికారులైన డి కో, ఎవరింగమ్ కుటుంబాలకు ఇది నివాసం. రాబిన్ హుడ్ కథల్లో అడవిలో జింకను కొట్టినవాడే నాయకుడు కనుక, ఆ జింకలకు కాపలా కాసినవారి ఊరిని కథకులు పట్టించుకోలేదు. 1086 నాటి డోమ్స్‌డే సర్వేలో ఊరి పేరు అప్పటికే నమోదై ఉంది. విజేత విలియం వెంట వచ్చిన జాఫ్రీ ఆల్సెలిన్ దాన్ని టోచీ అనే స్థానిక ప్రభువు స్థానంలో పొందాడు.

సెయింట్ మైకేల్ చర్చిలో ఎవరింగమ్ వంశీకుల శయనశిల్పాలు, అంటే సమాధి మీద పడుకున్న భంగిమలో మలచిన మృతుల విగ్రహాలు ఉన్నాయి. వాటిలో రాతివాటి పక్కన ఒక స్త్రీమూర్తి మాత్రం ఓక్ కొయ్యతో చెక్కినది. మధ్యయుగాల నాటి కొయ్య శయనశిల్పం ఈ జిల్లాలో మరొకటి మిగల్లేదు. 19వ శతాబ్దం నడుమ జరిగిన జీర్ణోద్ధరణలో చర్చిని చాలావరకు మార్చి కట్టారు. ఆ కాలపు ఉత్సాహానికి బలైన పాత చర్చిలు ఇంగ్లండ్‌లో లెక్కకు మించి ఉన్నాయి.

వీటన్నిటికంటే తెలుగు పాఠకుడికి సులువుగా అర్థమయ్యేది ఊళ్ళోని బందెలదొడ్డి. పంట మీద పడిన పశువును తోలుకొచ్చి కట్టేసి, యజమాని జరిమానా కట్టాక విడిచిపెట్టే ఆ చిన్న ఆవరణను అక్కడ పిన్‌ఫోల్డ్ అనీ, దాని కాపరిని పిండర్ అనీ అంటారు. కంచెలు లేని చేల మధ్య ఇది అలంకారం కోసం కట్టింది కాదు. ఒక్క రాత్రి తాడు తెంచుకున్న ఆవు పదిమంది పట్టీలను తొక్కగలదు.

> ఊరి అంచున మరో జ్ఞాపకం
>
> బ్రిటన్ జాతీయ హోలోకాస్ట్ కేంద్రం, మ్యూజియం ఉన్నది లండన్‌లో కాదు, లాక్స్టన్‌లో. నాజీల చేతుల్లో హతులైన యూదుల స్మృతికి స్మిత్ కుటుంబం చొరవతో 1995లో ఇది మొదలైంది. ఆవరణలోని తోటలో మృతుల పేర్ల మీద తెల్ల గులాబీలు పెంచుతారు. పాఠశాల విద్యార్థుల బస్సులు ఈ ఊరి దారి పట్టడానికి బయలు చేలకంటే ఈ కేంద్రమే పెద్ద కారణం.

కంచెలు వచ్చిన కాలం

ఒకప్పుడు మధ్య ఇంగ్లండ్‌లో వేల గ్రామాలు లాక్స్టన్ లాగే సాగుచేసుకునేవి. చెదిరిన పట్టీలను ఒక్కచోటికి చేర్చి, ఉమ్మడి మేతహక్కులను రద్దుచేసి, ఒక్కో యజమాని భూమికి జీవకంచె వేసే ప్రక్రియను ‘ఎన్‌క్లోజర్’ అన్నారు. మొదట పరస్పర ఒప్పందాలతో సాగిన ఈ పని 18వ శతాబ్దం నుంచి పార్లమెంటు చట్టాలతో జోరందుకుంది. 1604 నుంచి 1914 వరకు ఇటువంటి చట్టాలు 5,200కు పైగా వచ్చి, సుమారు 68 లక్షల ఎకరాలను కంచెల్లోకి తెచ్చాయి. దిగుబడి పెరిగిందనీ, పశువుల జాతులు మెరుగుపడ్డాయనీ దాన్ని సమర్థించేవారు చూపే లెక్కల్లో నిజం ఉంది. కానీ ఆ లెక్క ఎవరి ఇంట్లో కూర్చుని వేస్తున్నామన్నది ముఖ్యం. పేరున సొంత పట్టీ లేకపోయినా ఉమ్మడి బీడులో ఒక ఆవును మేపుకుని, కొయ్యకాళ్ళలో పరిగె ఏరుకుని, పొదల్లో వంటచెరకు తెచ్చుకుని బతికిన పేదకు, ఆ హక్కును రాతపూర్వకంగా నిరూపించుకోలేనప్పుడు కంచె ఈవల మిగిలింది దినకూలి మాత్రమే. అప్పటి నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్‌లో కూలివాని కొడుకుగా పుట్టిన కవి జాన్ క్లేర్ తన ఊరికి 1809లో వచ్చిన ఎన్‌క్లోజర్ చట్టాన్ని జీవితాంతం క్షమించలేకపోయాడు.

మరి లాక్స్టన్ ఎలా తప్పించుకుంది? ఊరివారు పాత ధర్మాన్ని ప్రాణప్రదంగా కాపాడుకున్నారని చెప్పుకోవడం బాగుంటుంది గాని, జరిగింది వేరు. ఇక్కడి భూమి ప్రధానంగా ఇద్దరు పెద్ద ప్రభువుల మధ్య, పియర్‌పాంట్ వంశం వారసులైన మాన్వర్స్ ఎర్ల్‌లకూ, స్కార్‌బరో ఎర్ల్‌లకూ మధ్య చీలి ఉండటం, కంచెలు జోరుగా పడుతున్న కాలంలో వారి మధ్య పూర్తి సయోధ్య కుదరకపోవడం ముఖ్య కారణాలు. 18వ శతాబ్దంలోనే ఊరి భూమిలో కొంత భాగం కంచెల్లోకి వెళ్ళింది. మిగిలినదాన్నీ మార్చే తీరిక చిక్కేసరికి 19వ శతాబ్దం చివరి వ్యవసాయ మాంద్యం వచ్చి, అందుకు పెట్టే ఖర్చు తిరిగి వచ్చే ఆశ లేకుండా చేసింది. 20వ శతాబ్దం తొలి దశాబ్దంలో మాన్వర్స్ ఎస్టేటు చిన్న పట్టీలను కలిపి పెద్దవి చేయించింది కనుక, నేడు కనిపించే పట్టీలు మధ్యయుగాల నాటివాటి కన్నా వెడల్పైనవి. మొత్తం 3,800 ఎకరాల పైచిలుకు గ్రామంలో బయలు చేలుగా మిగిలింది 500 ఎకరాల లోపే.

చేతులు మారిన ఊరు

ఆక్స్‌ఫర్డ్ వ్యవసాయ ఆర్థికవేత్త చార్లెస్ ఆర్విన్, ఆయన భార్య క్రిస్టబెల్ కలిసి 1938లో లాక్స్టన్ ఆధారంగా ‘ది ఓపెన్ ఫీల్డ్స్’ అనే పుస్తకం ప్రచురించడంతో, అప్పటివరకు వెనుకబాటుగా కనిపించిన పద్ధతి ఒక్కసారిగా వారసత్వ సంపద అయింది. ఆస్తి విడగొట్టి అమ్మితే చేలు చెదిరిపోతాయని గ్రహించిన ఆరో మాన్వర్స్ ఎర్ల్ 1952లో ఊరిని వ్యవసాయ మంత్రిత్వ శాఖకు అమ్మాడు. ప్రభువు విడిచిన బయలు చేలకు ప్రభుత్వం భూస్వామి అయింది. 1981లో ఆ ఆస్తి రాచరికపు భూములను నిర్వహించే క్రౌన్ ఎస్టేట్ చేతికి వెళ్ళింది. క్రౌన్ ఎస్టేట్ 2020లో దాన్ని థోర్స్‌బీ ఎస్టేట్‌కు, అంటే మాన్వర్స్ వారసుల వద్దకే, తిరిగి అమ్మింది. ప్రైవేటు యజమాని చేతిలో ఇటువంటి సాగు ఎంతకాలం నిలుస్తుందన్న సందేహం అప్పుడు గట్టిగానే వినిపించింది. ప్రభుత్వ విభాగాలు కూడా రెండుసార్లు దీన్ని వదిలించుకోజూశాయన్న సంగతిని ఆ సందేహపడేవారు మరచిపోకూడదు.

ఇంతకూ ఈ పద్ధతి బరువు మోసేది యజమానులు కారు, కౌలుదార్లు. ఇక్కడి రైతుకు ఆదాయంలో ఎక్కువ భాగం కంచె వేసిన పొలాల నుంచి, పశువుల నుంచి వస్తుంది. బయలు చేలలోని పట్టీలు కౌలుతోపాటు వచ్చే బాధ్యత. పెద్ద యంత్రాలకు పొడవాటి సన్నని పట్టీ అనుకూలం కాదు, ఒక పట్టీ నుంచి మరో పట్టీకి తిరగడానికి పోయే ఇంధనం, సమయం ఎవరూ లెక్కగట్టి ఇవ్వరు. పద్ధతి కూడా కాలంతో కొంత సర్దుకుంది. పూర్వం ఉత్త బీడుగా వదిలిన మూడో చేనిలో ఇప్పుడు పశుగ్రాసం పెంచుకోనిస్తారు, గొర్రెల మంద చేనంతా తిరగడం ఆగిపోయింది, ఎద్దుల నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. మారనివి మూడే: పంటల చక్రం ఎవరి ఇష్టానికీ వదలకపోవడం, సైక్‌లలో నాగలి దిగకపోవడం, ఏటా జ్యూరీ వచ్చి హద్దు చూడటం. ఈ మూడింటినీ నడపడానికి ఊళ్ళో తగినన్ని రైతు కుటుంబాలు ఉండాలి. పొలాలు కలిసిపోయి ఒకరిద్దరు పెద్ద కౌలుదార్లు మిగిలిననాడు జ్యూరీకి మనుషులూ ఉండరు, తీర్చడానికి హద్దు తగవూ ఉండదు. అందువల్ల ఒక కౌలు ఖాళీ అయిన ప్రతిసారీ దాన్ని పక్కవాడి కమతంలో కలుపుతారా, కొత్త కుటుంబానికి ఇస్తారా అన్నదాన్ని లాక్స్టన్‌వాసులు కోర్టు తీర్పుకంటే ఎక్కువ ఆసక్తితో కనిపెడతారు.